చలికాలంలో నెయిల్ పాలిష్ చిక్కబడితే ఏం చేయాలి? భద్రంగా వెచ్చబెట్టడం, భద్రంగా దాచడం

చలి రోజుల్లో ఉదయాన్నే పార్లర్ తెరిచి మొదటి సీసా మూత తిప్పగానే విషయం తెలిసిపోతుంది. బ్రష్ బరువుగా పైకి వస్తుంది. దాని చివర బొట్టు కడుతుంది కానీ రాలదు, అలాగే వేలాడుతుంది. గోరు మీద పెడితే పరుచుకోదు, బ్రష్ వెంట్రుకల గీతలు గీతలుగానే నిలిచిపోతాయి. ఆ క్షణంలో చాలామంది చెయ్యి థిన్నర్ వైపు వెళ్తుంది. కాస్త ఆగండి. చలికి చిక్కబడిన పాలిష్‌కు కావలసింది కొంచెం వెచ్చదనమే. అందులో థిన్నర్ పోస్తే, గది వెచ్చబడేసరికి అదే పాలిష్ పలచబడి గోరు పక్కలకు కారడం మొదలవుతుంది. పోసిన థిన్నర్‌ను మళ్లీ బయటికి తీయలేం.

వెచ్చబెట్టాలనగానే హీటరో, హెయిర్ డ్రయరో గుర్తుకు వస్తాయి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. అందుకే ఈ పనిలోకి దిగేముందు సీసాలో ఏముందో తెలుసుకోవడం అవసరం.

సీసాలో ఉన్నదేమిటి?

మామూలు నెయిల్ పాలిష్‌లో గోరు మీద పొర కట్టేది నైట్రోసెల్యులోజ్. దాన్ని కరిగించి ఉంచేవి ఎథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ అనే ద్రావకాలు. ఎథైల్ అసిటేట్ గడ్డకట్టాలంటే ఉష్ణోగ్రత సున్నాకు 80 డిగ్రీలకు పైగా కిందికి పడిపోవాలి. కాబట్టి మామూలు చలికి పాలిష్ గడ్డకట్టదు, చిక్కబడుతుంది అంతే. గది వేడికి రాగానే తిరిగి పూర్వస్థితికి వస్తుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. అదే ఎథైల్ అసిటేట్, మైనస్ 4 డిగ్రీల దగ్గర కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. రిమూవర్‌లో ఉండే అసిటోన్ అయితే మైనస్ 20 డిగ్రీల దగ్గరే ఆ స్థితికి చేరుతుంది. చలిగా ఉంది కదా, మంట భయం లేదనుకోవడానికి వీల్లేదన్నమాట. పైగా 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తీసుకెళ్తే ఎథైల్ అసిటేట్ ఆవిరి ఒత్తిడి రెండింతలు దాటుతుంది. మనం చేయబోయే పనంతా ఈ రెండు హద్దుల మధ్యే జరగాలి: పాలిష్ కదిలేంత వెచ్చదనం ఉండాలి, ఆవిరి ఎగదన్నేంత వేడి ఉండకూడదు.

మొదట ఏ రకమో చూడండి

సీసా మీద ఉన్న పదార్థాల జాబితా చదవండి. ఎథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్, నైట్రోసెల్యులోజ్ ముందు వరసలో ఉంటే అది మామూలు పాలిష్. మెథాక్రిలేట్, ఆక్రిలేట్ పేర్లు ఉండి, ల్యాంప్ కింద గట్టిపరచమని రాసి ఉంటే అది జెల్. నీరే మొదటి పదార్థమైతే అది నీటి ఆధారిత పాలిష్. చలి నిజంగా పాడుచేసేది ఈ మూడోదాన్నే. నీరు గడ్డకడితే అందులో సమంగా కలిసి ఉన్న కణాలు ఒకదానికొకటి అతుక్కుని విరిగిపోతాయి. మళ్లీ వెచ్చబెట్టినా, ఎంత కలిపినా అది మునుపటిలా కలవదు. ఈ రకం మీ దగ్గర ఉంటే సున్నా డిగ్రీల దరిదాపుల్లోకి పోనివ్వకండి.

తయారీ సంస్థ నుంచి సేఫ్టీ డేటా షీట్, అంటే ఆ సరుకులోని ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రం, అడిగి తీసుకోండి. అందులో 7వ విభాగం నిల్వ గురించి, 9వ విభాగం ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వదలడం మొదలయ్యే ఉష్ణోగ్రత) వంటి భౌతిక గుణాల గురించి చెబుతుంది. వృత్తిగా ఈ పని చేసేవారు ఈ రెండు విభాగాలనైనా చదవాలి. సీసా మీది చిన్న లేబుల్‌లో పట్టనివి అక్కడ దొరుకుతాయి.

వెచ్చబెట్టే పద్ధతి

1. మూత తీయకుండా గదిలో ఉంచండి. బయటి చలి నుంచో, వాహనంలోంచో తెచ్చిన సీసాను వెంటనే తెరవవద్దు. చల్లని గాజు మీద గదిలోని తేమ చెమ్మగా చేరుతుంది. మూత తీస్తే ఆ తేమ లోపలికీ, బ్రష్ మీదికీ పోతుంది. నైట్రోసెల్యులోజ్ పాలిష్‌లో నీరు చేరితే పొర తెల్లగా మసకబారుతుంది. ఒకటి రెండు సీసాలైతే గంటో రెండు గంటలో చాలు. పెట్టెడు సరుకు వస్తే పెట్టె తెరిచి, సీసాలు విడివిడిగా నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. తొందర లేనప్పుడు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది.

2. అరచేతుల మధ్య దొర్లించండి. సీసాను నిలువుగా పట్టుకుని, రెండు అరచేతుల మధ్య ఒకటి రెండు నిమిషాలు నిదానంగా తిప్పండి. అరచేతి వేడి గాజు గుండా లోపలికి పోతుంది, అడుగున పేరుకున్న రంగూ పైకి లేస్తుంది. లోపల చిన్న స్టీలు గుండ్లు ఉంటే వాటి చప్పుడు వినండి. చలికి చిక్కబడ్డ సీసాలో అవి అడుగున అతుక్కుని మూగగా ఉంటాయి. పాలిష్ వదులైన కొద్దీ అవి కదిలి గాజుకు తగిలే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. గట్టిగా ఊపే అలవాటు ఉంటే మానుకోండి. చిక్కటి పాలిష్‌లో చేరిన గాలి తొందరగా బయటికి రాదు, గోరు మీద బుడగలుగా తేలుతుంది.

3. అప్పటికీ కదలకపోతే గోరువెచ్చని నీళ్లు. వెడల్పాటి కప్పులో నీళ్లు పోయండి. 35 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే మణికట్టు లోపలి వైపు పెట్టి చూడండి. హాయిగా ఉండాలి, వేడి అనిపిస్తే ఎక్కువైనట్టే. నీళ్లను వేరే చోట కాచి తెచ్చుకోండి. సీసా ఉన్న చోట పొయ్యి ఉండకూడదు. మూత గట్టిగా బిగించి ఉందో లేదో మరోసారి చూసుకుని, సీసాను నిలువుగా దింపండి. నీటి మట్టం పాలిష్ మట్టానికి మించకూడదు, మెడ, మూత నీటికి పైనే ఉండాలి. రెండు మూడు నిమిషాలు చాలు. నీళ్లు చల్లారితే కొంచెం మార్చి మరోసారి పెట్టవచ్చు. చలికి బాగా చల్లబడ్డ సీసాను ఒక్కసారిగా వేడి నీళ్లలో ముంచితే గాజు పగలవచ్చు. పగిలితే నీటి మీద మండే ద్రావకం తేలుతుంది. ఇది చిన్న విషయం కాదు.

4. తీసి పూర్తిగా తుడవండి. ముఖ్యంగా మూత, మెడ కలిసే గాడిలో నీటి చుక్క దాగి ఉంటుంది. పొడి గుడ్డతో ఆ గాడి చుట్టూ తుడిచి, మళ్లీ కాసేపు అరచేతుల మధ్య దొర్లించి, అప్పుడు తెరవండి.

5. బ్రష్ తీసి బొట్టు చూడండి. బ్రష్‌ను ఎత్తి పట్టుకుంటే బొట్టు కట్టి, తోక లేకుండా రాలితే పాలిష్ సిద్ధంగా ఉంది. వెచ్చబడ్డాక కూడా బ్రష్‌కీ సీసాకీ మధ్య దారంలా సాగుతుంటే అది చలి పని కాదు, ద్రావకం ఆవిరైపోయింది. థిన్నర్ అవసరమయ్యేది ఇప్పుడు. నెయిల్ పాలిష్ కోసమే తయారైన థిన్నర్‌ను రెండు మూడు చుక్కలు వేసి, దొర్లించి, మళ్లీ బొట్టు చూడండి. రిమూవర్ మాత్రం పోయకండి. చాలా రిమూవర్లలో నీరు, నూనెలు కలిపి ఉంటాయి. అవి పొరను పెళుసుగా, మసకగా చేస్తాయి.

ఈ ఐదో మెట్టును దాటవేయవద్దని నా గట్టి మనవి. చలికి చిక్కబడటం వేరు, ఎండిపోయి చిక్కబడటం వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వెచ్చబెట్టి చూస్తేనే ఏది ఏదో తేలుతుంది.

ఎన్నడూ చేయకూడనివి

మూత బిగించిన సీసాను మైక్రోవేవ్‌లో పెట్టకండి. లోపల స్టీలు గుండ్లు ఉంటాయి, ఆవిరి పోయే దారి ఉండదు, మండే ద్రవం ఉంటుంది. పొయ్యి పక్కన, కొవ్వొత్తి దగ్గర పెట్టడం, బిగుసుకున్న మూతను లైటర్‌తో కాల్చి వదులు చేయడం కూడా అంతే ప్రమాదం. హెయిర్ డ్రయర్ లోపల ఎర్రగా కాలే తీగ ఉంటుంది. అది చుట్టూ ఉన్న గాలినే లాక్కుని ఆ తీగ మీదుగా పంపుతుంది. ఆ గాలిలో ద్రావకం ఆవిరి ఉందంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కాఫీ కప్పులను వెచ్చగా ఉంచే చిన్న పలకలు చాలావాటికి ఉష్ణోగ్రత నియంత్రణ ఉండదు, మనకు కావలసిన 40 డిగ్రీలను తేలిగ్గా దాటేస్తాయి. పాలిష్ సీసాల కోసమే చేసిన, ఉష్ణోగ్రత చూపించి దానంతట అదే ఆగే వార్మర్ అయితే తయారీదారు చెప్పిన రకం పాలిష్‌కే, చెప్పినంత సేపే వాడండి.

రూమ్ హీటర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. చలికాలంలో పార్లర్లలో ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది దాని దగ్గరే. ఎథైల్ అసిటేట్ ఆవిరి గాలికన్నా సుమారు మూడు రెట్లు బరువు. అది పైకి పోదు, బల్ల అంచు మీదుగా కిందికి జారి నేల వెంట పాకుతుంది. మనం హీటర్ పెట్టేదీ నేల మీదే. తలుపులు, కిటికీలు చలికి మూసేసి ఉంటాయి. బల్ల మీద రిమూవర్ గిన్నె తెరిచి ఉంటుంది, చెత్తబుట్టలో తడి దూది ఉంటుంది. మన ముక్కుకు ఘాటు తక్కువగా అనిపించినా పాదాల దగ్గర ఆవిరి చిక్కగా ఉండవచ్చు. కాబట్టి ఎర్రగా కాలే కడ్డీ హీటర్లు, గ్యాస్ హీటర్లు, కిరోసిన్ హీటర్లు పాలిష్ పని చేసే గదిలో వద్దు. పని మొదలుపెట్టక ముందే గదిని వెచ్చబెట్టి ఆర్పేయడం మంచిది. తప్పనిసరైతే నూనె నింపిన రేడియేటర్ రకాన్ని బల్లకు దూరంగా ఉంచి, దాని మీదా పక్కనా ఏమీ పెట్టకుండా చూడాలి. అదీ నిర్భయంగా వాడదగ్గది కాదు, దాని థర్మోస్టాట్ స్విచ్ పడేటప్పుడు కూడా నిప్పురవ్వ పుట్టవచ్చు. ఒక కిటికీ కొంచెమైనా తెరిచి ఉంచండి. ఘాటు పోగొట్టే ఫ్యాను పెట్టుకుంటే అది బల్ల మట్టం నుంచి గాలిని లాగేలా అమర్చండి. పైకప్పు దగ్గర పెట్టినది ఈ బరువైన ఆవిరికి అంతగా పనిచేయదు. తడి దూదిని మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి, పని ముగిశాక బయట ఖాళీ చేయండి. మండే ద్రవాల మంటకు పనికివచ్చే డ్రై పౌడర్ లేదా కార్బన్ డయాక్సైడ్ ఆర్పే సిలిండర్ తలుపు దగ్గర, చేతికి అందేలా ఉండాలి.

జెల్ సంగతి వేరు

జెల్ పాలిష్ ద్రావకం ఎగిరిపోయి ఆరేది కాదు, ల్యాంప్ కాంతికి గట్టిపడేది. చలికి ఇది మామూలు పాలిష్ కన్నా మొండికేస్తుంది. చిక్కటి జెల్‌ను బ్రష్ మందంగానే పరుస్తుంది. మందపు పొరలో కాంతి అడుగు దాకా పోదు. పైన గట్టిపడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. పైగా గట్టిపడేటప్పుడు పుట్టే వేడి మందపు పొరలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి ల్యాంప్‌లో చెయ్యి పెట్టినవారికి చురుక్కుమంటుంది.

పచ్చిగా మిగిలిన జెల్ చర్మానికి తగలడం తేలిగ్గా తీసుకోదగింది కాదు. ఇందులోని మెథాక్రిలేట్ల వల్ల వచ్చే అలర్జీల గురించి బ్రిటన్‌లోని చర్మవైద్యుల సంఘం 2018లో హెచ్చరించింది. ఒకసారి అలర్జీ వస్తే అది జీవితాంతం ఉండవచ్చు. పంటి చికిత్సలో, కీళ్ల మార్పిడి శస్త్రచికిత్సలో వాడే కొన్ని పదార్థాలూ ఇదే కుటుంబానికి చెందినవి కాబట్టి ఆ ఇబ్బంది గోళ్ల దగ్గరే ఆగకపోవచ్చు. చలికాలంలో జెల్‌ను సరైన పలచదనానికి తెచ్చుకుని పల్చటి పొరలు వేయడం వచ్చిన మనిషి ఆరోగ్యానికీ, ఆ జెల్‌తో రోజంతా పనిచేసే మీ ఆరోగ్యానికీ సంబంధించిన విషయం.

జెల్‌కూ అరచేతులు, గోరువెచ్చని నీళ్లే సరిపోతాయి. తేడా ఏమిటంటే, నీళ్ల కప్పును కిటికీ దగ్గర ఎండలో గానీ ల్యాంప్ పక్కన గానీ పెట్టకూడదు. వెచ్చదనం, వెలుతురు రెండూ కలిస్తే సీసా మెడ దగ్గర జెల్ గట్టిపడటం మొదలుపెడుతుంది. రోజంతా వార్మర్ మీద ఉంచేయడం కూడా మంచిది కాదు. వాడబోయే సీసాను మాత్రం వెచ్చబెట్టి, వాడాక పక్కన పెట్టేయండి. జెల్ అతిగా పలచబడితే గోరు మొదట్లోని చర్మం మీదికి పారుతుంది. అప్పుడు ల్యాంప్ కింద పెట్టే ముందే తుడిచేయాలి.

ద్రవం, పొడి కలిపి చేసే ఆక్రిలిక్ గోళ్ల పనిలో వాడే మోనోమర్ ద్రవాన్ని వెచ్చబెట్టాలని అసలు చూడకండి. చలిలో అది నిదానంగా గట్టిపడుతుంది, పొరలో మంచు పట్టినట్టు తెల్లటి జాడలు కనిపిస్తాయి. దానికి విరుగుడు గదిని 20 డిగ్రీలకు పైగా ఉంచడం, వచ్చినవారి చేతులను వెచ్చని పొడి తువ్వాలుతో కాసేపు చుట్టి ఉంచడం. ఆ ద్రవం సీసాలోనే గట్టిపడకుండా ఆపే పదార్థం పనిచేయడానికి కొంత గాలి అవసరం. కంపెనీ సీసాల్లో పైన ఖాళీ ఉండేది అందుకే. వేరే సీసాలోకి మార్చుకుంటే అంచుదాకా నింపకండి.

ఎక్కడ, ఎలా దాచాలి?

15 నుంచి 25 డిగ్రీల మధ్య, ఎండ పడని చోట, నిలువుగా ఉంచాలి. అల్మరాలో అయితే బయటి గోడకు ఆనుకున్న అర కన్నా లోపలి గోడ వైపు అర మేలు, రాత్రిపూట చలి అంతగా సోకదు. కిటికీ గట్టు అందంగా కనిపిస్తుంది కానీ పగలు ఎండ, రాత్రి చలి రెండూ అక్కడే ఎక్కువ. రోజూ వేడెక్కి చల్లబడటం స్థిరమైన చలికన్నా చెడ్డది. స్నానాల గది తేమ వల్ల పనికిరాదు.

ఫ్రిజ్‌లో దాస్తే ఎక్కువ కాలం నిలుస్తుందని కొందరు చెబుతారు. ఇంట్లో వాడే ఫ్రిజ్ వద్దు. లోపల దీపం, థర్మోస్టాట్ స్విచ్‌లు ఉంటాయి. మూత సరిగా పడని ఒక్క సీసా ఆ చిన్న మూసిన అరను మండే ఆవిరితో నింపగలదు. ఆహారం పక్కన ఈ ద్రావకాలు ఉండటమూ సరికాదు.

ప్రతి వాడకం తర్వాత మెడను శుభ్రం చేయడం చిన్న పనే, ఫలితం మాత్రం పెద్దది. నూలు పోగులు రాలని గుడ్డకు కొంచెం రిమూవర్ అద్ది, మెడ గాడులు తుడిచి, మూత బిగించండి. అక్కడ ఎండిన పాలిష్ పొర ఉంటే మూత పూర్తిగా కూర్చోదు, ద్రావకం రోజూ కొంచెం కొంచెం ఎగిరిపోతుంది. జెల్ అయితే రిమూవర్‌కు బదులు ఆల్కహాల్ వాడండి, కాంతి తగలని చోట తుడవండి. త్వరగా ఆరే టాప్ కోట్‌లు అన్నిటికన్నా ముందు చిక్కబడతాయి. వాటి మూత రెండు గోళ్ల మధ్య కూడా తెరిచి వదిలేయకండి. మూత బిగుసుకుంటే, మూత భాగానికి మాత్రం గోరువెచ్చని తడి గుడ్డ రెండు నిమిషాలు చుట్టి, రబ్బరు తొడుగు వేసుకుని తిప్పండి.

ఇళ్లకు వెళ్లి పనిచేసేవారు పెట్టెను రాత్రి వాహనంలో వదలకుండా లోపలికి తెచ్చుకోవాలి. చలిలో తిరిగేటప్పుడు సీసాలను మందపాటి గుడ్డ అరలున్న మూసిన సంచిలో నిలువుగా పెట్టండి. వేడి నీళ్ల సంచి అందులో పెట్టాలనుకుంటే అది ఒళ్లో పెట్టుకోగలిగినంత గోరువెచ్చగానే ఉండాలి, సీసాలకు నేరుగా తగలకూడదు. వెళ్లిన ఇంట్లో ముందుగా పెట్టె తెరిచి సీసాలు బయట నిలబెట్టండి. గోళ్లు అరగదీసి సిద్ధం చేసే సమయంలో అవి గది వేడికి వచ్చేస్తాయి.

వేసేటప్పుడు

చలి గదిలో ద్రావకం నిదానంగా ఎగురుతుంది కాబట్టి పొర ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది. పొరలు పల్చగా వేసి, మధ్య విరామం పెంచండి. వేడి గాలి కొట్టి ఆరబెట్టవద్దు. పైపొర ముందే ఆరి, లోపలి ద్రావకం బుడగలుగా పైకి వస్తుంది. గది చలిగా, తేమగా రెండూ ఉంటే పొర మీద తెల్లటి మసక వస్తుంది. ద్రావకం ఎగిరేటప్పుడు పొర ఇంకా చల్లబడి, గాలిలోని తేమను లాక్కోవడం దీనికి కారణం. ఆ రోజు పాలిష్‌ను ఎంత వెచ్చబెట్టినా లాభం లేదు, ముందు గదిని వెచ్చబరచాలి.

ఎప్పుడు పారేయాలి?

మూత తెరిచిన డబ్బా బొమ్మలో 24ఎం వంటి అంకె ఉంటే, తెరిచాక 24 నెలల్లోగా వాడాలని అర్థం. మూత మీద తెరిచిన తేదీ రాసి అంటించండి. వెచ్చబెట్టి, థిన్నర్ వేసి, దొర్లించాక కూడా దారంలా సాగే పాలిష్, అడుగున రాయిలా గట్టిపడిన రంగు, గరుకు తేలిన జెల్, విరిగిన నీటి ఆధారిత పాలిష్ ఇక బాగుపడవు. వాటిని సింకులో పోయవద్దు, మంటలో వేయవద్దు. మూత బిగించి, విడిగా ఒక పెట్టెలో పోగుచేసి, మీ ప్రాంతంలో రంగులు, రసాయనాల వ్యర్థాలను తీసుకునేవారికి అప్పగించండి.